ఎడారిలో అడవి పల్లాన ఉంది

వేసవిలో మదనపల్లె మండిపోతుంటే జనం హార్స్‌లీ కొండెక్కుతారు. 1,265 మీటర్ల ఎత్తున చెట్ల నీడా చల్లగాలీ దొరుకుతాయి. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే గాలి సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. అరేబియాలోనూ ఇదే సూత్రం. సౌదీలో అభా పక్కనున్న సూదా పర్వతం, ఒమన్‌లోని జబల్ షమ్స్ రెండూ సుమారు 3,000 మీటర్ల ఎత్తు. దిగువన ఎడారి కాగుతున్నా ఆ పర్వతశ్రేణుల పైభాగాన జునిపర్ చెట్లు నిలిచి ఉంటాయి, వాటి దగ్గర గుడారాలు వేసుకోవడానికి జనం వెళ్తుంటారు. ఖతర్‌లో అలాంటి కొండలు లేవు. దేశం మొత్తంలో ఎత్తైన చోటు దక్షిణాన ఉంది, అదీ 103 మీటర్లే. అందుకే దోహాలోని మనవాళ్లలో చాలామంది ఈ దేశంలో ఇసుక తప్ప చూసేదేమీ లేదనుకుంటారు. నిజానికి ఖతర్‌లోనూ అడవి ఉంది. అది పల్లాల్లో ఉంది. కొండ మీది అడవికి ఇచ్చే మర్యాద దానికీ ఇవ్వాలి.

ఖతర్ నేల చాలావరకు సున్నపురాయి. దానిలోనూ దాని కింద ఉన్న జిప్సం పొరల్లోనూ నీరు చేరి, రాయి యుగాల తరబడి కరిగి, పైనున్న నేల అక్కడక్కడా కుంగింది. అలా ఏర్పడిన పల్లాలు ఎనిమిది వందలకు పైగా ఉన్నాయి. వీటినే అక్కడివాళ్లు రౌదాలు అంటారు. ఏడాదికి పడే వాన సుమారు 80 మిల్లీమీటర్లు, అంటే కరవుకు పేరుపడ్డ అనంతపురంలో పడేదాంట్లో ఆరోవంతు కూడా కాదు. ఆ కాస్త వానా రాతినేల మీద నిలవకుండా పల్లంలోకి జారుతుంది, జారుతూ మెత్తటి మట్టిని మోసుకొస్తుంది. కాబట్టి రౌదాలోని చెట్టుకు తన మీద పడిన వానతో పాటు చుట్టుపక్కల నేల మీద పడిన వాన కూడా అందుతుంది. మిగిలిన నీరు ఇంకి భూగర్భ జలంలో కలుస్తుంది. సహజంగా ఆ దేశపు భూగర్భ జలానికి నీరు చేరే ముఖ్యమైన దారి ఇదే. మిగతా చోట్ల ఎత్తు చేసే పనిని ఇక్కడ లోతు చేస్తోంది.

అక్కడి చెట్లు తెలుగువారికి కొత్తవి కావు. ఖతర్ ఫౌండేషన్ చిహ్నంలో కనిపించే సిద్రా మన రేగు కుటుంబానికి చెందినదే. సమ్ర్ అనేది తుమ్మకు దగ్గరి చుట్టం. అరుదుగా కనిపించే ఘాఫ్ అచ్చంగా మన జమ్మి. దసరాకు పూజలందుకునే చెట్టు, తెలంగాణ రాష్ట్ర వృక్షం.

చిక్కంతా కాలంతో వస్తోంది. ఖతర్‌లో గుడారాల కాలం చలికాలం, వాన పడేదీ అప్పుడే. విత్తనం మొలకెత్తే వారాలు, మనుషులు వాహనాలేసుకుని నీడ కోసం వెతికే వారాలు ఒకటే. చక్రాల కింద మట్టి గట్టిపడితే నీరు ఇంకదు, లేత మొక్క వేరు దిగదు. పెద్ద చెట్టు బతికే ఉంటుంది కాబట్టి నష్టం కంటికి కనబడదు. దాని తర్వాత రావలసిన చెట్టు మాత్రం పుట్టదు. అందుకే అక్కడి పర్యావరణ, వాతావరణ మార్పుల మంత్రిత్వ శాఖ ఏటా గుడారాల కాలాన్నీ చోట్లనూ నియమాలనూ ప్రకటిస్తుంది, రౌదాల్లో వాహనాలు నడపొద్దంటుంది. కొన్ని రౌదాలకు కంచెలు కూడా వేసింది.

నాలుగు ముళ్లచెట్లను అడవి అనడం అతిశయం కాదా, అంత ఇష్టమైతే అభాకో జబల్ షమ్స్‌కో వెళ్లొచ్చు కదా అని కొందరంటారు. వెళ్లగలిగినవాళ్లు తప్పక వెళ్లాలి. కానీ దోహా నుంచి అభా రోడ్డు మార్గాన వెయ్యి కిలోమీటర్లకు పైనే. వీసా, ఖర్చు, సెలవు మూడూ కుదరాలి. వారానికి ఒక్క శుక్రవారం దొరికే కార్మికుడికి అది జరిగే పని కాదు. అతనికి అందేది గంట దూరంలో ఉన్న రౌదాయే. పైగా అడవి విలువను చెట్ల లెక్కతో తేల్చలేం. నీటిని పట్టి, మట్టిని నిలిపి, పక్షికీ పశువుకూ ఆశ్రయమిస్తే అది చేస్తున్నది అడవి పనే.

ఎడారి సంచారులైన బెదూయిన్లు తరతరాలుగా ఈ రౌదాల్లోనే గుడారాలు వేశారు, ఇప్పుడు కొత్తగా ఆంక్షలెందుకని మరికొందరి ప్రశ్న. బెదూయిన్లు ఒంటెల మీద వచ్చేవారు, మేత తగ్గగానే కదిలిపోయేవారు. వాళ్లు వెళ్లాక నేలకు తేరుకునే వ్యవధి ఉండేది. ఈనాటి గుడారం నెలల తరబడి ఉంటుంది, దానికి జనరేటరు తోడు, దాని చుట్టూ బరువైన బళ్లు తిరుగుతాయి. వారి సంప్రదాయాన్ని సాక్ష్యంగా తెచ్చుకునేవారు వారి సంయమాన్నీ తెచ్చుకోవాలి. చట్టం ఉందిగా, అది చూసుకుంటుందన్న వాదనా నిలవదు. ఎనిమిది వందల పల్లాలకు కాపలా పెట్టడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు.

కాబట్టి ఈ చలికాలం ఖతర్‌లో బయటికి వెళ్లే తెలుగు కుటుంబాలు, మిత్రబృందాలు కొన్ని పనులు చేయాలి. ముందుగా ఆ ఏటి నియమాలు చూసుకోండి. బండిని పల్లం అంచు బయట, గట్టి రాతినేల మీదే ఆపండి. చెట్ల దగ్గరికి నడిచి వెళ్లండి. గుడారం కూడా పైనే వేయండి. జోరువాన పడితే నీళ్లన్నీ చేరేది పల్లంలోకే కనుక మీ క్షేమానికీ అదే మేలు. వంటకు కట్టెలు ఇంటి నుంచి తీసుకెళ్లండి, ఎండిన కొమ్మనైనా విరవకండి. మంటను నేల మీద కాకుండా ఇనుప పళ్లెంలో వేయండి. మన ఊళ్లో జమ్మికి దండం పెట్టే చేతులు అక్కడి జమ్మినీ కాపాడాలి.