ఇంట తూటాల తయారీ: అక్కడ కాలక్షేపం, ఇక్కడ కారాగారం

ఉస్లాపూర్ (బిలాస్‌పూర్): పిస్తోలు పేల్చిన తర్వాత నేలరాలే ఇత్తడి గుల్లను ఏరి, శుభ్రపరచి, మళ్లీ మందు నింపి వాడుకోవడం అమెరికాలో అనేక కుటుంబాలకు సెలవురోజు కాలక్షేపం. అదే పనికి ఛత్తీస్‌గఢ్‌లోని ఈ రైల్వే పట్టణంలో గానీ, దేశంలో మరెక్కడ గానీ లైసెన్సు లేకుండా పూనుకుంటే ఏడేళ్లకు తగ్గని జైలుశిక్ష, గరిష్ఠంగా యావజ్జీవ శిక్ష పడే అవకాశం ఉంది. విదేశీ వీడియోలు అరచేతిలోకి వచ్చిన ఈ రోజుల్లో, సరదాకొద్దీ పరికరాల కోసం ఆరా తీసేవారు ముందుగా గమనించవలసిన తేడా ఇది.

తెలుగులో తూటా అన్న మాటను గురివైపు దూసుకుపోయే గుండుకూ, తుపాకీలో పెట్టే మొత్తం సరుకుకూ కూడా వాడుతున్నాం. ఇక్కడ ప్రస్తావన రెండో దాని గురించి. ఇందులో నాలుగు భాగాలుంటాయి. ఇత్తడి గుల్ల, దాని అడుగున దెబ్బ తగలగానే నిప్పు రాజేసే ప్రైమర్, లోపల పొగరాని మందు, మూతిలో బిగించిన సీసపు లేదా రాగి పూత గుండు. పేలిన తర్వాత మిగిలేది గుల్ల ఒక్కటే. నాలుగింటిలోనూ సాధారణంగా ఖరీదైనదీ అదే. పేలుడు ఒత్తిడికి కొద్దిగా ఉబ్బిన ఆ గుల్లను ప్రత్యేకమైన అచ్చులో నొక్కి పూర్వపు కొలతకు తెచ్చి, మిగిలిన మూడింటినీ కొత్తగా అమర్చడమే ఈ విద్య సారాంశం.

అమెరికాలో దీనికి శతాబ్దం పైబడిన చరిత్ర ఉంది. 1943లో కాలిఫోర్నియాలోని ఓరోవిల్‌లో ఆర్సీబీఎస్, 1949లో నెబ్రాస్కాలోని గ్రాండ్ ఐలాండ్‌లో హార్నడీ సంస్థలు ఆవిర్భవించిన తర్వాత ఇది చిన్నపాటి పరిశ్రమగానే ఎదిగింది. అక్కడి సమాఖ్య చట్టం ప్రకారం సొంత వాడకానికి తూటాలు నింపుకునేవారికి లైసెన్సు అక్కరలేదు. అమ్మకానికి పెడితే మాత్రం తప్పనిసరి. 2020లో కోవిడ్ భయంతో తుపాకుల కొనుగోళ్లు ఒక్కసారిగా పెరిగి, దుకాణాల్లో తూటాలు ఖాళీ అయినప్పుడు ఇంటిదగ్గర నింపుకునేవారి వైపు కొత్తవారు ఎగబడ్డారు. కొద్దికాలానికే ప్రైమర్లు సైతం దొరకకుండా పోయాయి. గుల్లను ఇంట్లో సరిదిద్దుకోవచ్చు గానీ, ప్రైమర్ కర్మాగారం నుంచి రావలసిందే. సొంతంగా చేసుకుంటున్నామన్న ధీమాకు అక్కడే హద్దు పడుతుంది.

ప్రతి గుల్లా మళ్లీ పనికిరాదన్నది కొత్తవారికి ఎదురయ్యే మొదటి పాఠం. పాయింట్ 22 కొలత తూటాలో ప్రైమర్ విడిగా ఉండదు. నిప్పురాజేసే రసాయనం గుల్ల అడుగు అంచులోనే ఉంటుంది. పిన్ను తగిలి ఆ అంచు నొక్కుకుపోయాక దాని పని సరి. అడుగు మధ్యన ప్రైమర్ ఉండే రకాల్లోనూ రెండు పద్ధతులున్నాయి. బ్రిటిష్ అధికారి ఎడ్వర్డ్ బాక్సర్ కనిపెట్టిన పద్ధతిలో నిప్పు రంధ్రం ఒక్కటే కనుక వాడేసిన ప్రైమర్‌ను తేలికగా నెట్టివేయవచ్చు. అమెరికన్ హైరమ్ బర్డన్ పద్ధతిలో చిన్న రంధ్రాలు రెండు పక్కపక్కన ఉండడంతో అది అంత సులువు కాదు. చిత్రమేమిటంటే బ్రిటిష్‌వాని పద్ధతి అమెరికాలో స్థిరపడింది. అమెరికన్ పద్ధతి ఐరోపా, ఆసియా సైన్యాల పాలయింది. అమెరికాలో ఈ కాలక్షేపం వేళ్లూనుకోవడానికి ఈ తారుమారు కూడా ఒక కారణం.

ప్రమాదం సంగతి సరేసరి. పిస్తోలు గుల్లలో మందు పట్టే చోటు ఎక్కువ, వాడే మందు తక్కువ. పరాకున ఒకే గుల్లలో రెండుసార్లు మందు పడినా పైకి తేడా తెలియకపోవచ్చు. పేల్చినప్పుడు పిస్తోలు చేతిలోనే పగిలిపోతుంది. అసలు మందే పడకపోతే ప్రైమర్ శక్తికి గుండు కాస్త కదిలి గొట్టంలోనే ఇరుక్కుంటుంది. అది గమనించక రెండోసారి పేలిస్తే ఫలితం చెప్పనక్కరలేదు. ఒత్తిడి లెక్కలను పరీక్షించి అచ్చువేసిన పట్టికలు లేకుండా అక్కడి అనుభవజ్ఞులు సైతం చేయి పెట్టరు. దీనికి తోడు సీసం బెడద ఉంది. ప్రైమర్లలో వాడే రసాయనంలో సీసం ఉండడం వల్ల పేలిన గుల్లలను శుభ్రం చేసేటప్పుడు లేచే ధూళి ఒంట్లోకి చేరుతుంది. పసిపిల్లలున్న ఇళ్లలో ఇది మరీ హానికరం.

ఇక మన దేశానికి వస్తే తూటాను ఎవరు తయారుచేయాలి, ఎవరు తాకాలి అన్నది ఏనాటినుంచో రాజకీయ ప్రశ్నే. 1857 జనవరిలో కలకత్తా సమీపాన డమ్‌డమ్‌లో మొదలైన వదంతి ఎన్‌ఫీల్డ్ తుపాకీ తూటాకు పూసిన కొవ్వు గురించి. అప్పట్లో సిపాయి కాగితపు తూటా మూతిని పంటితో కొరికి, మందును గొట్టంలో పోయవలసి ఉండేది. అలజడి చూసి దొరలు, ఇష్టమైన నూనె, మైనం సిపాయిలే పూసుకోవచ్చునని అనుమతించారు గానీ, అప్పటికే ఆలస్యమైంది. తిరుగుబాటు అణగిన తర్వాత 1878లో వచ్చిన ఆయుధాల చట్టం భారతీయుల చేతిలో లైసెన్సు లేని తుపాకీని నేరంగా మార్చింది. సైన్యం వాడే పాయింట్ 303 తూటా పౌరులకు అందకూడదన్న జాగ్రత్తతోనే పాయింట్ 315 వంటి వేరే కొలతల రైఫిళ్లు మన దేశంలో వ్యాప్తిలోకి వచ్చాయి. ఆ కొలతలు నేటికీ కొనసాగుతున్నాయి.

స్వతంత్ర భారతంలో ఆ స్థానాన్ని 1959 నాటి ఆయుధాల చట్టం ఆక్రమించింది. ఈ చట్టం ఐదో సెక్షన్ ప్రకారం ఆయుధాలు, మందుగుండు తయారీకి, అమ్మకానికి, మరమ్మతుకు ప్రత్యేక లైసెన్సు ఉండాలి. పిస్తోలు ఉంచుకునేందుకు జిల్లా మేజిస్ట్రేట్ ఇచ్చే లైసెన్సు ఇందుకు చెల్లదు. అంతకంటే ముఖ్యమైనది, చాలామంది గమనించనిది మరొకటుంది. మందుగుండు అన్న మాటకు చట్టం ఇచ్చిన నిర్వచనంలో తయారైన తూటా ఒక్కటే కాదు, దాని విడిభాగాలు, దాన్ని తయారుచేసే యంత్రాలు కూడా చేరి ఉన్నాయి. అంటే అమెరికాలో పనిముట్ల దుకాణంలో కొని తెచ్చుకునే సామగ్రి మన దేశంలోకి పార్సిల్‌లో వచ్చిందంటే అది ఆయుధాల చట్టం పరిధిలోకి వచ్చినట్లే. మందు విషయంలో 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం అదనం. దాన్ని అమలుపరచే కేంద్ర సంస్థ ప్రధాన కార్యాలయం బిలాస్‌పూర్ నుంచి ముంబయి వెళ్లే రైలుదారిలోని నాగపూర్‌లోనే ఉంది.

2019 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన సవరణతో శిక్షలు మరింత కఠినమయ్యాయి. లైసెన్సు లేని తయారీకి అంతకుముందు మూడు నుంచి ఏడేళ్ల వరకు ఉన్న జైలుశిక్ష ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా పెరిగింది. ఒక వ్యక్తి ఉంచుకోదగిన తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది. పెళ్లి ఊరేగింపుల్లో గాలిలోకి కాల్పులు జరపడం కూడా విడి నేరమైంది. ఉత్తరాది పెళ్లిళ్ల సంగతి తెలిసినవారికి ఈ నిబంధన ఎందుకు అవసరమైందో వేరే చెప్పనక్కరలేదు. కాగా ఉత్తరప్రదేశ్ వంటి రాష్ట్రాల్లో కొత్త తూటాలు కొనాలంటే పేలిన వాటి గుల్లలు అప్పగించాలన్న నిబంధన ఉంది. అమెరికన్‌కు ముడిసరుకైన గుల్ల ఇక్కడ లెక్క అప్పజెప్పవలసిన వస్తువు.

అయితే గురిపోటీల క్రీడాకారుల మాటేమిటన్న ప్రశ్న సహజం. ఒలింపిక్స్‌లోని పిస్తోలు, రైఫిల్ పోటీలన్నీ గాలి తుపాకులతోనో, పాయింట్ 22 తూటాలతోనో జరిగేవే. పైన చెప్పినట్లు ఆ తూటా మళ్లీ నింపడానికి పనికిరాదు. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు గెలిచిన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 25 మీటర్ల పిస్తోలులో వాడేదీ, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్‌లో కాంస్యం సాధించిన సెంట్రల్ రైల్వే టికెట్ ఉద్యోగి స్వప్నిల్ కుశాలే వాడినదీ ఆ కొలతే. ఈ రకంలో పేరున్న సరుకు బ్రిటన్, జర్మనీ వంటి దేశాల నుంచి దిగుమతి అవుతుంది. క్రీడాకారుల ఇబ్బందిని గుర్తించి కేంద్ర హోంశాఖ 2020 ఫిబ్రవరిలో సాధన నిమిత్తం ఏడాదికి అనుమతించే తూటాల పరిమితిని గణనీయంగా పెంచింది. అంతర్జాతీయ పతకాలు సాధించినవారు పన్నెండు వరకు తుపాకులు ఉంచుకునే వీలు కల్పించింది. తూటాలు నింపుకోవడం వల్ల నిజంగా లాభపడగలిగేది పాయింట్ 32 వంటి పెద్ద కొలత పిస్తోలు పోటీల్లో పాల్గొనేవారు. అది ఒలింపిక్ అంశం కాదు. వారి సంఖ్యా స్వల్పమే.

ఉస్లాపూర్‌కు ఈ విషయంలో మరో కోణం ఉంది. బిలాస్‌పూర్-కట్నీ మార్గంలోని ఈ స్టేషన్ బిలాస్‌పూర్ నగరాన్ని ఆనుకుని ఉంది. దుర్గ్ వైపు నుంచి కట్నీ వెళ్లే కొన్ని రైళ్లు ఇంజను మార్చుకునే పని లేకుండా పెద్ద స్టేషన్‌ను తప్పించి ఇటుగా సాగిపోతాయి. 2003లో బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే ఏర్పడింది. అంతకుముందు, బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ ఉద్యోగరీత్యా వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడి రైల్వే కాలనీల్లో ఉన్నాయి. రైలు ప్రయాణమే జీవనమైన ఊళ్లో గుర్తుంచుకోవలసింది 1989 నాటి రైల్వే చట్టం 164వ సెక్షన్. ప్రమాదకర వస్తువులను అక్రమంగా రైలెక్కించినవారికి మూడేళ్ల వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. సంచిలో మందు డబ్బా పెట్టుకుని పెట్టె ఎక్కేవాడు తనతోపాటు బోగీలోని అందరినీ ప్రమాదంలోకి నెడుతున్నట్లే.

ఇదిలా ఉండగా, ఛత్తీస్‌గఢ్‌లో ఇంట్లో మందు నింపుకునే తుపాకీ కొత్త సంగతేమీ కాదు. అడవి పల్లెల్లో భర్మార్ అని పిలిచే నాటు తుపాకీ పేరులోనే నింపు, కొట్టు అన్న అర్థం ఉంది. నల్లమందు, ఇనుప లేదా సీసపు రజను గొట్టం మూతినుంచి కూరి, నిప్పు టోపీ అమర్చి పేల్చే ఈ తుపాకీకి గుల్లతో పనే లేదు. అడవి పందుల నుంచి పంట కాపాడుకునేందుకు తాతల నాటినుంచి ఇళ్లలో ఉంటూ వచ్చిన ఇది తర్వాత మావోయిస్టు దళాల సహాయక బృందాల చేతికీ చేరింది. బస్తర్‌లో ఎదురుకాల్పుల అనంతరం పోలీసులు ప్రకటించే ఆయుధాల జాబితాలో భర్మార్ తరచు కనిపించే పేరు. పంట కోసం దాచుకున్న రైతుకూ, మరో ఉద్దేశంతో మోసినవానికీ తేడా తేల్చడం కేసు కోర్టుకు చేరాక జరిగే పని. అప్పటిదాకా జైలులో ఉండేది మాత్రం తుపాకీ దొరికినవాడే.

ఆసక్తి గలవారికి సక్రమ మార్గం లేకపోలేదు. లైసెన్సున్న రైఫిల్ క్లబ్బులో సభ్యులై, అక్కడి గాలి తుపాకీతో గానీ, పాయింట్ 22 రైఫిల్‌తో గానీ సాధన మొదలుపెట్టవచ్చు.  సొంత ఆయుధం కోరేవారు 2016 నాటి ఆయుధ నిబంధనల మేరకు భద్రతా శిక్షణ పొందిన ధ్రువపత్రం సమర్పించాలి. ఇక పదవీ విరమణ చేసిన లేదా మరణించిన పెద్దల పెట్టెల్లో పాత తుపాకీ, దానితోపాటు నాలుగు తూటాలో, మందు పొట్లమో బయటపడడం కద్దు. లైసెన్సుదారు మరణించిన తర్వాత వాటిని ఇంట్లో ఉంచుకోవడం చట్టవిరుద్ధం. అనవసర జాప్యం లేకుండా సమీప పోలీసు స్టేషన్‌లో గానీ, లైసెన్సు పొందిన డీలరు వద్ద గానీ జమచేసి రసీదు తీసుకోవాలి. వారసుడు తన పేరిట లైసెన్సు తెచ్చుకుంటే వాటిని తిరిగి పొందవచ్చు.