పట్టకారు

ఒకనాఁడు తరగతిలో యెషయా గ్రంథము 6వ అధ్యాయము చదువుచుంటిమి. సెరాపులలో నొకఁడు బలిపీఠముమీఁది నిప్పును "కారు"తో తీసెనని యందుఁ గలదు. ఒక బాలుఁడు పక్కున నవ్వి, "మోటారుకారుతో నిప్పు నెట్లు తీసెనండీ?" యని యడిగెను. తరగతి యంతయు నవ్వెను. నాకు మాత్రము చింత కలిగెను. తప్పు బాలునిది కాదు. వాఁ డా పనిముట్టును చూచియుండెనేమో కాని, దాని పాతపేరు వినియుండలేదు. కారనఁగా పట్టకారు.

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల వరిచేలనడుమ కొయ్యచక్రముల బండ్లు తిరిగిన దినములలో, కమ్మరి కొలిమియే యీ పనిముట్టునకు బడి. చక్రముకంటె నించుక చిన్నదిగాఁ జేసిన యినుపకట్టును నిప్పులలో నెఱ్ఱగాఁ గాల్తురు. వేఁడికి కట్టు పెరుగును. ఇద్దఱు ముగ్గురు పట్టకారులతో దానిని లేవనెత్తి, చక్రమునకుఁ దొడిగి, వెంటనే నీళ్లు పోయుదురు. చల్లబడినకొలఁది కట్టు కుంచించుకొని కొయ్యను బిగబట్టును. ఆలస్యమైన కొయ్య కాలును. పట్టు జాఱిన కాళ్లు కాలును.

ఇంత బలము దాని కెట్లు వచ్చినది? పట్టకారు రెండు మీటలు కలిసిన యంత్రము. నడుమనున్న చీల యాధారము. చీలనుండి మన చేయి పట్టుచోటు 10 అంగుళములు, నోరు 2 అంగుళములు దూరమున్నచో, రాపిడిని విడిచి లెక్కింపఁగా, నోటిలోని పట్టు 5 రెట్లగును. కంసాలి చిన్న పట్టకారులలో నొకవిధమైనవి కొనయందే కలిసియుండును, నడుమ నొక్కవలెను. అందు బలము తగ్గును గాని, సన్నని పనికి నేర్పు హెచ్చును.

ఇఁక పేరుల సంగతి. మన మాటలో "పట్టు" స్పష్టముగా వినఁబడుచున్నది. సంస్కృతమున దీనిని సందంశమందురు; "దంశ్" ధాతువునకుఁ గఱచుట యర్థము. సుశ్రుతసంహితలోని 101 యంత్రములలో సందంశయంత్రములు రెండు. చర్మమాంసాదులలో నాటుకొన్న వానిని లాగుటకు వైద్యుఁడు వానిని వాడెడివాఁడు. ఇంగ్లీషువారి "టాంగ్స్" అను మాటయు కఱచుట యను నర్థముగల యా ప్రాచీన మూలమునుండియే పుట్టినదని భాషాశాస్త్రజ్ఞు లందురు. కావున సందంశమును టాంగ్సును దూరపు చుట్టములు. వారికిఁ గఱచునది, మనకుఁ బట్టునది!

మఱియొక వింత. కడ్డీలు రెండు గనుక ఇంగ్లీషువారు దానిని బహువచనమునఁ బలుకుదురు. పని యొక్కటి గనుక కాఁబోలు, మనము ఏకవచనమునఁ బలుకుదుము.

విద్యార్థులారా! ఈ సెలవులలో మీ యవ్వను, మీ యూరి కమ్మరిని అడుగుఁడు. వంటయింటిలో, కొలిమిలో నున్న పనిముట్ల పేరులు పది వ్రాసికొని రండు. వస్తువు చేయి జాఱినను మాట నిలుచును; మాటయు జాఱెనా, దానిని పట్టి తీయుటకు ఏ పట్టకారును లేదు.