ప్రొస్టేటు క్యాన్సరు జాడ తెలుపు కొత్త పరీక్ష

మగ్గపు గుంటలో దినమెల్ల కూర్చుండు మన పెద్దలు మూత్రబాధ కలిగినచో ‘వయసు మీరినది’ అని సరిపెట్టుకొందురు. సిగ్గుచే ఎవరికిని చెప్పరు. మూత్రాశయము క్రింద నుండు ప్రొస్టేటు గ్రంథి పెరుగుటయే దీనికి తరచు కారణము. అది చాలమందిలో క్యాన్సరు కాదు. కాని క్యాన్సరు తొలిదశలో ఏ బాధయు లేకయే యుండవచ్చును.

రక్తములో పి.ఎస్.ఏ. హెచ్చుట అనుమానమునకు గురుతు మాత్రమే. మామూలు వాపునను అది హెచ్చును. గ్రంథినుండి చిన్న ముక్క తీసి పరీక్షించియే వైద్యులు క్యాన్సరును నిర్ధారింతురు. పిదప అది ఎంతవరకు ప్రాకినదో తెలియవలెను.

ఇందుకు కొత్త పద్ధతి తోడ్పడుచున్నది. ఈ క్యాన్సరు కణములపై పి.ఎస్.ఎం.ఏ. అను ప్రోటీను మిక్కిలి హెచ్చుగ నుండును. దానికి అంటుకొను పదార్థమునకు గాలియము-68 అను రేడియోధార్మిక మూలకమును చేర్చి నరములోనికి ఎక్కింతురు. ఒక నూలుకు పట్టి మరొకదానికి పట్టని రంగువలె అది ఆ కణములను పట్టుకొనును. పెట్ స్కానులో ఆ చోట్లు వెలుగుచు కనబడును. గాలియము బలము 68 నిమిషములకు సగమగును.

2020లో వెలువడిన ఆస్ట్రేలియా పరిశోధనలో, ప్రమాదము హెచ్చుగానున్న 302 మంది రోగులు పాల్గొనిరి. వ్యాధి ప్రాకినదా లేదా యని తెలుపుటలో ఈ స్కాను 92 శాతము, పాత స్కానులు 65 శాతము సరిపోయెను. అయినను కొన్ని క్యాన్సరులు దీనికిని కనబడవు. లాలాజల గ్రంథులు, మూత్రపిండములు వ్యాధి లేకున్నను వెలుగును. కావున ఇది అందరికిని చేయదగిన పరీక్ష కాదు.

మూత్రధార సన్నగిల్లినను, రక్తము కనబడినను వెంటనే వైద్యునితో చెప్పుడు. తండ్రికో సోదరునికో ఈ వ్యాధి వచ్చినవారు, బాధ లేకున్నను, పి.ఎస్.ఏ. పరీక్షను గూర్చి అడుగుడు. ఇందు సిగ్గు వలదని సభ్యులను మేము కోరుచున్నాము.