పోతా కాదు, పోయొస్తా

గిద్దలూరులో గడప దాటుతూ "పోతా" అంటే మా అవ్వ ఊరుకోదు. "పోయొస్తా" అనాల్సిందే. ఫ్రెంచిలోనూ ఇలాంటి పట్టింపు ఉంది. (1954 దాకా ఫ్రెంచివాళ్లు ఏలిన మన యానాంలో ఇది కొత్త కాదేమో!) "ఓ రెవ్వార్" అంటే మళ్లీ చూసేదాకా. అచ్చం మన పోయొస్తానే. "అద్యూ" అంటే దేవుడికి అప్పగించడం. మామూలుగా, ఇక కలవమనుకున్నప్పుడే అంటారు. సెలవులకి ఊరెళ్తున్న రూమ్మేట్‌తో మాత్రం అనకండి.

"బోజూర్" కలిసినప్పుడు, "బొన్ జూర్నే" విడిపోయేటప్పుడు. రెండిట్లో ఉన్నదీ మంచి రోజే, తారుమారు చేస్తే నవ్వుతారు.

నాకు బాగా నచ్చింది "బో కురాజ్". కష్టమైన పని ముందున్న మనిషిని సాగనంపే మాట. "ఆల్ ది బెస్ట్"లో అదృష్టం వాసన ఉంటుంది. ఇందులో కోరేది ధైర్యమే. ఎం-త్రీ సప్లీ మూడోసారి రాయబోయే మా బెంచివాడికి అదే చెప్పా. "తిట్టావా?" అన్నాడు.