గడప పసుపులో దాగిన సీసం
అద్దె ఇంట చేరే ముందు రంగును పరీక్షించండి

అద్దె ఇంట చేరుటకు పూర్వం మనవారు నీటి వసతి చూస్తారు, వాస్తు చూస్తారు, అడ్వాన్సు ఎంతో అడుగుతారు. తలుపుల మీద పెచ్చులూడుతున్న రంగును పరిశీలించేవారు అరుదు. నేనూ ఒకప్పుడు దానిని పట్టించుకోలేదు.

మా కోహీరులో ఒక పాత ఇంటి పోర్షనులో అద్దెకున్న దంపతులు తమ రెండేళ్ళ బిడ్డను నా వద్దకు తెచ్చారు. ముఖం పాలిపోయింది, మలబద్ధం, కడుపునొప్పి, చిరాకు. మట్టి తింటున్నాడని తల్లి చెప్పింది. చరకుడు పేర్కొన్న అయిదు పాండురోగాలలో మృద్భక్షణజన్యం ఒకటి. అదేనని నిశ్చయించి ఔషధమిచ్చాను. నెల గడిచినా గుణం కనబడలేదు. ఒకనాడు వారింటికి వెళ్ళగా, బిడ్డ గడపకు వేసిన పసుపుపచ్చ ఎనామిల్ పెచ్చులను గిల్లి నోట పెట్టుకొంటున్నాడు. తినేది ఏ మట్టియో నేను అడుగనే లేదు! వెంటనే రక్తపరీక్షకు పట్టణానికి పంపగా సీసం అధికంగా ఉన్నదని తేలింది. వారు ఇల్లు మారి, ఆసుపత్రి వైద్యుని పర్యవేక్షణలో ఉండగా బిడ్డ క్రమంగా కోలుకున్నాడు.

రంగులో సీసం ఎందుకు?

పసుపు, నారింజ, ఎరుపు ఛాయల కొరకు లెడ్ క్రోమేటును, త్వరగా ఆరుటకు సీసపు లవణాలను కలిపేవారు. 2016లో ప్రకటించిన నిబంధనలు 2017 నవంబరు 1 నుండి అమలై, గృహావసర రంగులలో సీసాన్ని పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళకు పరిమితం చేశాయి. ఇవి తయారీకి, అమ్మకానికి చెందినవి. తలుపులపై అంతకుముందే పడిన పొరల జోలికి పోవు. అమెరికాలో 1978కి పూర్వపు ఇంటిని అద్దెకిచ్చేవారు తమకు తెలిసిన సీసపు రంగు సంగతి ముందే చెప్పి తీరాలని 1992లో చట్టం చేశారు. మన వద్ద ఆ జాగ్రత్త అద్దెకు చేరేవారే వహింపవలెను.

చేయవలసినవి

1. గడప, ద్వారబంధాలు, కిటికీ చట్రాలు, ఇనుప కమ్మీలు చూడవలెను. రాపిడి తగిలే చోట పొడి రాలుతుంది.

2. రంగు ఎప్పుడు వేయించారో యజమానిని అడుగవలెను. 2017కు ముందుదైతే అనుమానించవలెను.

3. రాలిన పెచ్చులను గుర్తింపు పొందిన ప్రయోగశాలకు పంపి పరీక్ష చేయించవచ్చు.

4. పాత రంగును పొడిగా గీకరాదు, ఉప్పుకాగితంతో రుద్దరాదు, మంటతో కాల్చరాదు. తడిపి తీయించవలెను. ఆ పని ముగిసేవరకు గర్భిణులు, పిల్లలు ఆ ఇంట ఉండరాదు.

5. నేలను, కిటికీ అంచులను తడిగుడ్డతో తుడవవలెను. భోజనానికి ముందు పిల్లల చేతులు కడుగవలెను.

వైద్యుని మాట

సీసానికి నిరపాయకరమైన మోతాదు లేదు. మా శాస్త్రంలో దానికి నాగమని పేరు. సీసం చేరిన బిడ్డకు భస్మాలు, సింధూరాలు ఇవ్వరాదు. దానిని వెడలగొట్టే చిట్కా వైద్యమేదీ లేదు; రక్తపరీక్ష, ఆసుపత్రి చికిత్సయే శరణ్యం. ఆహారం తోడ్పడుతుంది. ఇనుము, సున్నపు ధాతువు చాలని శరీరం సీసాన్ని ఎక్కువగా గ్రహిస్తుంది. కనుక రాగిజావ, పాలు, ఆకుకూరలు, ఉసిరి, మా కోహీరు జామపండ్లు పిల్లలకు పెట్టండి.

గడపకు ఎనామిల్ బదులు ఇంట దంచిన కొమ్ముల పసుపే రాయండి. శోభకు శోభ, బిడ్డకు క్షేమం.