గొఱ్ఱెల, మేకల రవాణా: బయలుదేరుటకు ముందు చేయవలసిన పనులు

పావగడ, బళ్లారి, హోసూరు మొదలగు సరిహద్దు ప్రాంతములలో తరతరములుగా నివసించుచున్న తెలుగు కుటుంబములలో గొఱ్ఱెలను, మేకలను పెంచి జీవించువారు అనేకులు కలరు. పిల్లల పుస్తకములకు, బట్టలకు, ఇంటిలోని శుభకార్యములకు అక్కరకు వచ్చు ధనము అట్టి యిండ్లలో మంద రూపముననే యుండును. ఒక రాష్ట్రపు సంతలో కొన్న జీవాలను మరియొక రాష్ట్రమునకు లారీలో చేర్చునపుడు ఒక్క రాత్రిలో కలుగు నష్టము సంవత్సరపు కష్టమును హరింపగలదు. త్రోవలో సంభవించు మరణములకు కారణము పెక్కుమాఱులు బయలుదేరకమునుపు చూపిన అశ్రద్ధయే. కావున ఆ సన్నాహమును గూర్చి యిచట వివరింతుము.

శ్రీమతి రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో చేసిన కృషి ఫలితముగా 1960లో జంతుహింస నివారణ చట్టము వెలసినది. దాని ననుసరించి 1978లో పశురవాణా నియమములు ఏర్పడినవి. ఆఱు గంటలకు మించిన ప్రయాణమున గొఱ్ఱెలకు, మేకలకు వర్తించు నియమములు వానిలో ప్రత్యేకముగా కలవు. అంతకు తక్కువ ప్రయాణమైనను జీవాలను అనవసరముగా బాధించుట 1960 నాటి చట్టము ప్రకారము నేరమే.

మొదటి పని పశువైద్యుని దర్శించుట. జీవాలు ప్రయాణమునకు తగియున్నవనియు, వానికి అంటురోగములుగాని పరాన్నజీవులవలని రోగములుగాని లేవనియు అర్హుడైన వైద్యు డిచ్చిన ధ్రువపత్రము వెంట నుండవలయును. అది లేనిచో సరుకు నెక్కించుకొనుటకు వాహనదారుడు నిరాకరింపవలెనని నియమము. పారుడు రోగము, చిటుకు రోగము, బొబ్బ రోగము మొదలగువానికి వేయు టీకాలను బయలుదేరు దినమున వేయించిన ప్రయోజనము లేదు. శరీరమున రక్షణశక్తి కలుగుటకు సుమారు రెండు, మూడు వారములు పట్టును. నెలలు నిండిన చూడి జీవాలను, క్రొత్తగా ఈనినవానిని, కుంటుచున్నవానిని ఇంటనే యుంచుట మేలు. ఏ ప్రాంతమునైనను 2009 నాటి అంటువ్యాధుల నివారణ చట్టము క్రింద నియంత్రిత ప్రాంతముగా ప్రకటించినచో, ఆ రోగము సోకు జాతి జీవాలను అచటినుండి కదలింపరాదు. ఈ సంగతిని పశువైద్యశాలలో ముందే విచారింపవలయును.

రెండవది వాహనము. నాలుగున్నర, ఐదు టన్నుల లారీలో నలువదింటికి మించి జీవాల నెక్కింపరాదు. 2015లో మోటారు వాహన నియమములలో చేర్చిన నిబంధన ప్రకారము ఒక్కొక్క గొఱ్ఱెకుగాని మేకకుగాని కనీసము 0.3 చదరపు మీటరు స్థలము కావలెను. అనగా నలువదింటికి 12 చదరపు మీటర్లు. ఈ లెక్క ఊరక వేసినది కాదు. లారీ హఠాత్తుగా ఆగినపుడు గొఱ్ఱెలు ఒకదానిపై నొకటి పడును. అడుగున పడినది లేచుటకు చోటులేక ఊపిరాడక చనిపోవును. పెద్ద లారీలలో రెండు, మూడు మీటర్ల కొక అడ్డుకట్టు ఉండవలెననుటకును కారణ మిదియే.

గొఱ్ఱెలను, మేకలను వేఱువేఱుగా నుంచవలయును. పొట్టేళ్లను ఆడువానితో కలుపరాదు. ఆఱు వారములు నిండని పిల్లలకును, వాని తల్లులకును ప్రత్యేకస్థానము కావలెను. లారీ నేలపై కనీసము 5 సెంటీమీటర్ల మందమున గడ్డి పఱచవలెను. కాళ్లు కట్టివేయరాదు. చెవులు, ఉన్ని పట్టి లాగక, వాలుబల్ల వేసి నడిపించి ఎక్కింపవలయును. ప్రథమచికిత్స పెట్టెయు వెంట నుండవలెను.

మూడవది మేత, నీరు. ప్రయాణమునకు చాలునంత గడ్డి వెంట తీసికొని, నియమితకాలములలో నీరు పెట్టవలెను. అలవాటులేని ధాన్యమును కడుపునిండ పెట్టి యెక్కించినచో కడుపుబ్బి ప్రాణాపాయము కలుగును. ఎండకాలమున సాయంకాలము బయలుదేరి, తెల్లవాఱునప్పటికి చేరుట శ్రేయస్కరము. ఎండలో నిలిపిన లారీలో గాలి యాడక వేడి త్వరగా పెరుగును.

నాలుగవది కాగితములు. వైద్యుని ధ్రువపత్రమును, సంత రసీదును, లారీ పత్రములను ఒకే సంచిలో నుంచుకొనవలెను. పంపువాని, అందుకొనువాని పేర్లు, చిరునామాలు, జీవాల సంఖ్య, రకము, వెంటనున్న మేత పరిమాణము ఎఱ్ఱని పెద్ద అక్షరములతో వ్రాసిన చీటీ సరుకునకు తగిలించి యుండవలెనని నియమము. మన కాపరి మాట సరిహద్దు కావలివాని తనిఖీ అధికారికి తెలియకపోవచ్చును; అతని ప్రశ్న మన కాపరికి తెలియకపోవచ్చును. అప్పుడు ఆ చీటీయే మాటలాడును. దానిని తెలుగులోను, రాష్ట్రభాషలోను, ఇంగ్లీషులోను వ్రాయించుట యుక్తము. ఈ మూడు లిపులును మన పిల్లలు పాఠశాలలో నేర్చుచున్నవే. ఇంటిలోని బాలుడో బాలికయో ఈ చీటీని వ్రాసినచో చదువు కుటుంబమునకు ఆనాడే అక్కరకు వచ్చును.

గమ్యము చేరిన పిమ్మట మొదట నీరు, తరువాత కొంచెము పచ్చిక, ఆపైన విశ్రాంతి కల్పింపవలయును. క్రొత్త జీవాలను రెండు, మూడు వారములు ఊరిమందకు దూరముగా నుంచి గమనింపవలెను. మన యొక్కరి తొందరవలన ఊరివారందఱి మందలకు రోగము సోకరాదు గదా!

ఈ పనులకు పట్టు ధనము స్వల్పము. కావలసినది రెండు, మూడు వారముల ముందుచూపు. తల్లిదండ్రులు ఈ విషయములను తమ యిండ్లలోను, బంధువులలోను ప్రచారము చేయుదురుగాక.