హో చి మిన్ నగరమున స్కూటరుపై ఒక పూట

దేశాటనము చేయువారు సామాన్యముగా గుళ్లును, గోపురములును, కోటలును చూచి వత్తురు. కాని ఆ యూరి యిల్లాండ్రు కూరగాయలెచ్చట కొందురో, బిడ్డలను బడికెట్లు కొనిపోవుదురో, నాలుగు డబ్బులు గడించుటకై యే పని చేయుదురో చూడకయే తిరిగివచ్చుట కద్దు. ఈ కొఱత తీర్చు యాత్ర యొకటి వియత్నాము దేశమందలి హో చి మిన్ నగరమున కలదు. ఆ యూరి వనిత యొకతె స్కూటరు నడుపుచుండగా మనము వెనుక కూర్చుండి, నాలుగైదు గంటలలో నగరమును చుట్టివచ్చుటయే ఆ యాత్ర. పోయిన మార్గశిర మాసమున నేనును, మా యాడుబిడ్డయు అచ్చటికి పోయి, ఒక ప్రాతఃకాలమున ఈ యాత్ర చేసితిమి. మా సోదరీమణులకు ఉపయోగపడునని ఆ సంగతుల నిందు వ్రాయుచున్నాను.

ఈ నగరమునకు పూర్వనామము సైగాను. 1975 ఏప్రిలు 30వ తేదీన యుద్ధము ముగిసెను. మఱుసటి సంవత్సరము నగరమునకు హో చి మిన్ పేరు పెట్టిరి. ఐనను జనులు మాటలలో నేటికిని సైగాననియే యందురు. ఈ నగరమున 70 లక్షలకు పైగా మోటారు సైకిళ్లును స్కూటర్లును కలవు. 1960 తరువాతి దశాబ్దమున జపానునుండి చిన్న హోండా బండ్లు విరివిగా వచ్చుటచే, ఏ కంపెనీ బండినైనను ‘హోండా’ యని పిలుచుట అచ్చట వాడుకయయ్యెను. యుద్ధానంతరము కడు బీదతనము పట్టి జనులు సైకిళ్లపై తిరిగిరి. 1986లో ప్రభుత్వము వర్తకమునకు తలుపులు తెఱచిన పిమ్మట క్రమక్రమముగా ఇంటింటికిని బండి వచ్చెను. 2024 డిసెంబరు 22వ తేదీన నగరమున మొదటి మెట్రో రైలు నడచినది. కాని రైలు సందులలోనికి రాదుగదా! ఆ యూర బ్రతుకంతయు సందులలోనే యున్నది. అందుచేత బండియే యింటికిని లోకమునకును నడుమ వంతెన.

ఉదయము ఎనిమిది గంటలకు మేము దిగిన బసకే ఇరువురు యువతులు బండ్లతో వచ్చిరి. ఒక్కొక్క యతిథికి ఒక్కొక్క బండి. స్త్రీలే నడుపునట్టి యాత్రాసంఘములు ఆ నగరమున కొన్ని కలవు. వారు తమ దేశపు ‘ఆవో దాయ్’ ధరించి యుండిరి. ‘ఆవో’ యనగా అంగీ, ‘దాయ్’ యనగా పొడుగు. మెడనుండి మోకాళ్లు దాటువఱకు ముందువెనుకల రెండు పలకలుగా జాఱుచుండు సన్నని యంగీయు, దానిక్రింద వదులైన లాగును. చూచుటకు మన యాడుపిల్లల సల్వారు కమీజునకు అప్పచెల్లెలివలె నుండును. బండి యెక్కునపుడు వెనుకటి పలకను మడచి తొడక్రింద ఉంచుకొందురు. లేనిచో చక్రమున చిక్కుకొనును. చీరకట్టుకొని ఒకప్రక్కగా కూర్చుండుట ఈ యాత్రకు తగదు. ఇరుప్రక్కల కాళ్లు వేసి కూర్చుండవలెను. కావున మేమును సల్వారు కమీజులే ధరించి, పైటలను వదలివేసితిమి.

వియత్నామీయుల మర్యాద మనకు చాల దగ్గఱది. వారి భాషలో నీవు, మీరు అనుటకు బదులుగా వావివరుసలే వాడుదురు. తమకంటె పెద్దదానిని ‘చీ’, అనగా అక్కా యనియు, తల్లివయస్సు దానిని ‘కో’, అనగా మేనత్తా యనియు పిలుతురు. చిన్నవారిని ‘ఎమ్’ అందురు. నన్ను చూడగానే నా సారథి నా వయస్సడిగెను. మొదట నాకు వింత తోచినది. వయస్సు తెలియక వరుస కలుపుట యెట్లని ఆమె నవ్వెను. ఆ క్షణమునుండి నేను ఆమెకు ‘కో’ నైతిని. మేనత్తను భద్రముగా ఇల్లు చేర్చుట మేనకోడలి పూచీయట!

ఆమె మొదట చేసిన పని నా తలకు శిరస్త్రాణము పెట్టి, గడ్డముక్రింద పట్టీ బిగించి, దానిలో రెండు వ్రేళ్లు దూర్చి చూచుట. 2007 డిసెంబరు 15వ తేదీనుండి ఆ దేశమున బండి నడుపువారును, వెనుక కూర్చుండువారును తప్పక శిరస్త్రాణము ధరింపవలెనని శాసనము కలదు. అంతకుముందు ధరించువారు బహుకొద్దిమంది. ఆ తెల్లవారి నుండి వీథులన్నిట దాదాపు ఎల్లరును ధరించిరి. తలగాయములతో ఆసుపత్రులకు వచ్చువారి సంఖ్యయు తగ్గినది. మన దేశపు చట్టమును వెనుక కూర్చుండువారికి ఇదే చెప్పుచున్నది. ఐనను మన యూళ్లలో భర్త తలపై శిరస్త్రాణమును, భార్య తలపై మల్లెపూలును చూచుచున్నాము!

బండి వీథిలోనికి దిగినప్పుడు నా గుండె ఝల్లుమన్నది. కనుచూపు మేర బండ్లే. ఒక తల్లి ముందు ఒక బిడ్డను, వెనుక ఒక బిడ్డను కూర్చుండబెట్టుకొని పోవుచున్నది. ఒకతె రెండుప్రక్కల బుట్టలలో బాతుగ్రుడ్లు నింపుకొని పోవుచున్నది. ఎండకు చాలమంది యువతులు ముఖమునకు గుడ్డ ముసుగును, చేతులకు తొడుగులును ధరించి కన్నులు మాత్రమే కనబడునట్లుండిరి. ఇంత యొత్తిడిలోను ఒకరినొకరు తాకుట లేదు. నా సారథి ఆ రహస్యము చెప్పెను: “కో! ఇచ్చట ఎవ్వరును వేగముగా పోరు. ఎవ్వరును హఠాత్తుగా ఆగరు. ఎదుటివాడు ఏమి చేయునో ముందుగా తెలిసినంతకాలము ప్రమాదము రాదు.” కాలినడకను వీథి దాటువారికిని అదే సూత్రము. మెల్లగా, ఒక్కతీరున అడుగులు వేయుచు పోవలెను. పరుగెత్తరాదు, నడుమ వెనుకంజ వేయరాదు. బండ్లు నీటిపాయలవలె చీలి, మనిషిని తప్పించుకొని పోవును. ఆమె మమ్ము ఒకచోట దింపి, చేయిపట్టుకొని వీథి దాటించి చూపెను.

మొదటి మజిలీ ఒక సందులోని కాఫీ యంగడి. వియత్నామునకు కాఫీని 1857 ప్రాంతమున ఫ్రెంచి మతగురువులు తెచ్చిరి. నేడు కాఫీ పండించుటలో లోకమున బ్రెజిలు తరువాత ఈ దేశమే. ‘ఫిన్’ అను చిన్న రేకుగిన్నెను గ్లాసుపై నుంచి, పొడి వేసి వేడినీరు పోయుదురు. డికాషను బొట్టుబొట్టుగా దిగును. క్రింద డబ్బాపాలు సిద్ధముగా నుండును. దానిని కలిపి మంచుగడ్డలపై పోసి త్రాగుదురు. ఆ వేడిదేశమున పచ్చిపాలు దొరకుటయు నిలుచుటయు కష్టమగుటచే గడ్డపాలు వాడుకలోనికి వచ్చెను. మన యిండ్లలోని ఫిల్టరు కాఫీ కంటె ఇది చిక్కన, చేదు, తీపి అన్నియు హెచ్చు.

అచ్చటనుండి హో థీ కీ పూలబజారునకు పోతిమి. రాత్రివేళ డాలాత్ కొండలనుండి లారీలలో పూలు దిగును. తెల్లవారుసరికి సగము బేరము ముగియును. అమ్మువారిలోను కొనువారిలోను స్త్రీలే యెక్కువ. ఒక ముదుసలి తామరమొగ్గల పై రేకులను లోనికి మడచి, పూజకు తగినట్లు తీర్చుచుండెను. మన దేవతార్చనలకు పూలు సిద్ధము చేయు పద్ధతి జ్ఞాపకము వచ్చి చాలసేపు నిలిచి చూచితిమి.

తరువాత బండి యొక కూడలిలో ఆగెను. అచ్చట ఒక బౌద్ధభిక్షువు జ్వాలల నడుమ కూర్చున్నట్లు విగ్రహము కలదు. ఆయన పేరు థిచ్ క్వాంగ్ డుక్. 1963 జూన్ 11వ తేదీన, అప్పటి ప్రభుత్వము బౌద్ధులను పీడించుచున్నదని నిరసించి, ఈ కూడలిలోనే పద్మాసనమున కూర్చుండి దేహమును అగ్నికి అర్పించెను. ఆ ఛాయాచిత్రము లోకమంతయు కదలించినది. మా చుట్టును బండ్లు పోవుచునే యుండెను. నా సారథి శిరస్త్రాణము తీసి, మూడుమారులు వంగి నమస్కరించి, మరల ధరించెను. ఆ దేశము పడిన బాధలు పుస్తకములలో చదువుట వేఱు. నిత్యము ఆ త్రోవన పనికి పోవు పిల్ల నమస్కరించుట చూచుట వేఱు.

అటుపిమ్మట చీనావారి పేటయగు చో లన్ చేరితిమి. ఆ మాటకు ‘పెద్ద యంగడి’ యని యర్థము. ఇచ్చటి తియెన్ హౌ ఆలయమును చీనానుండి వలసవచ్చిన వర్తకులు 18వ శతాబ్దమున కట్టిరి. ఈమె సముద్రప్రయాణీకులను రక్షించు దేవత. ఫూకియెన్ తీరమున పుట్టిన యొక బాలికయే దేవతయై, తుపానులో చిక్కినవారిని కాపాడుచున్నదని వారి నమ్మిక. పైకప్పునుండి గంటలవలె చుట్టచుట్టగా వ్రేలాడు అగరువత్తులు అనేక దినములు కాలుచుండును. ప్రతిదానికిని మ్రొక్కిన వారి పేరు వ్రాసిన కాగితము కట్టియుండును. అచ్చటికి దగ్గఱనే బిన్ తాయ్ అంగడి కలదు. 1928లో దీనిని కట్టించిన క్వాక్ డామ్ అను చీనావర్తకుడు మొదట పాతసామానులు ఏరి అమ్ముకొని బ్రతికినవాడు.

తిరుగుత్రోవలో హై బా ట్రుంగ్ వీథి మీదుగా వచ్చితిమి. ‘ఇరువురు ట్రుంగ్ అమ్మలు’ అని దాని యర్థము. క్రీ.శ. 40లో ఈ యక్కచెల్లెండ్రు చీనావారిపై తిరుగుబాటు చేసి, వారిని తఱిమి, సుమారు మూడేండ్లు దేశమును ఏలిరి. ఏనుగులపై యుద్ధమునకు పోవుచున్నట్లు వారిని చిత్రింతురు. ఇప్పుడు వారి పేరిటి వీథిలో స్త్రీలు స్కూటర్లపై అంగళ్లకును ఆఫీసులకును పోవుచున్నారు. 1891లో పూర్తియైన ఫ్రెంచివారి తపాలాభవనమును, దాని యెదుటి ఎఱ్ఱయిటుకల చర్చిని బండిపైనుండియే చూచితిమి.

మనకు ప్రత్యేకముగా ప్రీతికరమైనది బెన్ థాన్ అంగడికి సమీపమున నున్న మారియమ్మ కోవెల. 19వ శతాబ్దాంతమున తమిళ వర్తకులు దీనిని కట్టిరి. ఆ కాలమున పుదుచ్చేరి, కారైకాలు, మన గోదావరి యొడ్డునున్న యానాము, ఈ సైగాను అన్నియు ఫ్రెంచివారి యేలుబడిలోనే యుండెను. 1975 తరువాత భారతీయులలో పెక్కుమంది వెడలిపోయిరి. కాని అమ్మవారికి నేటికిని పూజ జరుగుచున్నది. నేడు వచ్చు భక్తులలో వియత్నామీయులే యెక్కువ. వారు తమ యగరువత్తులు వెలిగించి, తమ రీతిని మ్రొక్కుచున్నారు. మా పోలేరమ్మ, ముత్యాలమ్మ వంటి తల్లియే యీమె యని చెప్పగా నా సారథి “ఐతే మీరు మాకు చుట్టములే!” అనెను.

మధ్యాహ్నమునకు ‘బాన్ సెయో’ తిన్నాము. బియ్యపుపిండి, కొబ్బరిపాలు, పసుపు కలిపి పెనముపై పోసిన అట్టు అది. పిండి పడగానే వచ్చు ‘సెయ్’ మను చప్పుడే దాని పేరయ్యెను. సాధారణముగా లోపల రొయ్యలును మాంసమును ఉంచుదురు. శాకాహారులు ‘చాయ్’ అని చెప్పిన చాలును. అది మన తేనీరు కాదు, మాంసము లేని భోజనము. పుట్టగొడుగులు, పెసరపప్పు, మొలకలు పెట్టి వేయుదురు. ఐనను చేపరసము కలపవలదని మఱియొక మాఱు చెప్పుట మంచిది.

భోజనము వేళ నా సారథి తన సంగతి చెప్పెను. ఆమె తల్లి కావడిబద్దపై పులుసుకుండ మోసి, కాళ్లు పోయినంతదూరమే అమ్ముకొనెడిదట. పండ్రెండేండ్లు కూడబెట్టి ఒక పాతహోండా కొన్నది. ఆనాటినుండి రెండు పేటలు అధికముగా తిరిగి, ఆ యాదాయముతో కూతును కాలేజీలో చదివించెను. పెండ్లియైన పిమ్మట క్రొత్తవారిని బండిపై త్రిప్పు పనికి అత్తగారు మొదట ఒప్పుకొనలేదు. తల్లి వచ్చి, “నేను కుండను మోసితిని, నా బిడ్డ మనుష్యులను మోయుచున్నది. తప్పేమి?” అని యడిగినదట. ఇప్పుడు అత్తగారే మనుమని చూచుకొనుచున్నది. సాయంకాలము నాలుగున్నరకు తానే పోయి బిడ్డను బడినుండి తెచ్చుకొనునట్లు ఈ కోడలు పని కుదుర్చుకొన్నది.

ఈ యాత్ర చేయగోరువారు వర్షకాలమగు మే నెలనుండి నవంబరు వఱకు వానకోటు ఉన్నదో లేదో అడుగవలెను. చేతిసంచిని భుజమునకు అడ్డముగా వేసికొని, సెల్‌ఫోను వీథిప్రక్కన చేతబట్టకుండుట మేలు. బీమా సంగతి ముందుగా విచారింపవలెను. తామే బండి అద్దెకు తీసికొని నడుపుట తగదు; అచ్చట చెల్లెడి అనుమతిపత్రము లేనిచో ప్రమాదసమయమున బీమావారు సొమ్మియ్యరు.

సోదరీమణులారా! అంగడికి, వైద్యశాలకు, బిడ్డ బడికి పోవుటకు ఇంకొకరి తీరికకై కాచుకొను స్త్రీ దినమున సగము కాచుకొనుటలోనే గడుపును. ఆ పులుసమ్ము తల్లికి పాతబండి యిచ్చినది విలాసము కాదు, ఆ సగము దినము. మన యిండ్ల ముందును స్కూటర్లు కలవు. అవకాశమున్న ప్రతి యిల్లాలును, పెండ్లికెదిగిన ప్రతి బాలికయు వానిని నడుపుట నేర్చుకొనవలెను. వెనుక కూర్చుండినను శిరస్త్రాణము ధరింపవలెను. భయమందురా? మెల్లగా, ఒక్కతీరున, నడుమ వెనుకంజ వేయక సాగుటయే ఆ నగరపు స్త్రీలు మనకు నేర్పు పాఠము.